నీటితో వ్రాసిన శిల

తెలుగున రెండు నానుడులు కలవు. నిలుకడలేని మాటను "నీటిమీది వ్రాత" అందురు. చెరగని మాటను "శిలాశాసనము" అందురు. నీటికిని శిలకును నడుమ మన భాష కల్పించిన దూరము అంతటిది. ఐనను ఆ రెంటిని ఒక్క కాగితముపై కలుపు విద్య ఒకటి ఉన్నది. అది నీటిరంగుల చిత్రకళ. కొండరాతి గరుకును, పగులును, బరువును ఆ చిత్రకారుడు నీటితోనే చూపవలెను. పూర్వపు తెలుగులో బొమ్మను "వ్రాయుట" అనుట పరిపాటి. కావున అతడు నీటితో శిలను వ్రాయుచున్నాడని చెప్పినను తప్పులేదు.

ఈ విద్య నభ్యసింపగోరు వానికి నల్లగొండ, మహబూబునగరు సీమలకు మించిన పాఠశాల దొరకుట అరుదు. 2016లోను, 2019లోను జరిగిన విభజనల పిమ్మట ఈ రెండు పాత జిల్లాలును నేడు ప్రధానముగా ఎనిమిది జిల్లాలైనవి. పాలనకై గీసిన గీతలు మారినవి గాని నేల మారలేదు. ఎఱ్ఱని చలకభూముల నడుమ, ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లు, రాతిగుండ్లు నిలిచియుండును. భువనగిరి దుర్గము ఒకే బండరాతిపై వెలసినది. దేవరకొండలోను, కోయిలకొండలోను కోటగోడ ఎక్కడ ముగిసి కొండరాయి ఎక్కడ ఆరంభమగునో దూరమునుండి చూచువానికి తోచదు.

ఇచ్చటి పల్లెవాసుల నోట రాయి అనునది ఒక్కటే వస్తువు కాదు. గుండ్రముగా నున్న పెద్దరాయి గుండు. నేలపై పరచుకొన్నది పరుపుబండ. ఎత్తుగా లేచినది గుట్ట. వాననీరు నిలుచు రాతిపల్లము దోనె. విరిగి చిన్నముక్కలైనది కంకర. శిథిలమై మన్నులో కలియుచున్నది మొరము. ఇన్ని పేర్లు పెట్టినవారు రాతిని ఇన్ని తీరుల చూచినవారని వేరుగ చెప్పనక్కరలేదు.

ఒక వస్తువును చూచినంతనే అది చేతికి ఎట్లు తగులునో కంటికి తెలియును. పట్టు మెత్తన, మామిడిచెట్టు పట్ట గరుకు, కుండ చల్లన అని తాకకయే చెప్పగలము. ఈ గుణమును ఆంగ్లేయులు టెక్స్చరు అందురు. ఇచ్చట దానిని మేనితీరు అని చెప్పుకొందము. దానికి తెలుగున అందరును అంగీకరించిన ఒక్క మాట లేకపోయినను, చిన్నచిన్న మాటలు ఎన్నియో కలవు: పగులు, బీట, నెఱ్ఱె, పెచ్చు, ముడుత, అరుగుదల, ఒరపిడి, చారిక, తొఱ్ఱ. వీనిలో కొన్నింటిని విడదీసి చూచినచో ఒక విశేషము బయటపడును. పగిలినది కనుక పగులు. ముడిగినది కనుక ముడుత. అరిగినది కనుక అరుగుదల. ఒరసికొన్నది కనుక ఒరపిడి. ఇవి వస్తువుపై నున్న అలంకారములకు పెట్టిన పేర్లు కావు, వస్తువునకు జరిగిన పనులకు పెట్టిన పేర్లు. మేనితీరనగా వస్తువు పడిన అనుభవముయొక్క గుర్తు. నీటిరంగులతో వాస్తవమైన మేనితీరును చూపుటలోని కిటుకంతయు ఈ ఒక్క సంగతిలో ఇమిడియున్నది. గరుకును బొమ్మపై చివర అద్దువాడు విఫలుడగును. ఆ గరుకు ఎట్లు కలిగినదో తెలిసి, కాగితముపై నీటిచేత ఆ పనినే మరల చేయించువాడు సఫలుడగును.

రాతికి జరిగినదేమో చెప్పుటకు భూగర్భశాస్త్రము తోడ్పడును. ఈ సీమలోని రాళ్లలో ఎక్కువభాగము గ్రానైటు, నైసు జాతులవి. వాని వయస్సు ఇంచుమించు 250 కోట్ల ఏండ్లు. భూమిలోతున కరిగియున్న ద్రవ్యము మిక్కిలి మెల్లగా చల్లారి గ్రానైటైనది. మెల్లగా చల్లారుటచేతనే దానిలోని ఖనిజములు కంటికి కనబడునంత పలుకులుగా పెరిగినవి. గాజువలె మెఱయునది స్ఫటికము, గులాబివన్నెగనో బూడిదవన్నెగనో ఉండునది ఫెల్‌స్పారు, నల్లగ తళుక్కుమనునది అభ్రకము. నైసులో ఈ పలుకులు బారులుతీరి చారలుగా కనబడును. పైనున్న నేల యుగయుగముల కోతకు తొలగిపోగా, మీది బరువు తగ్గిన శిల ఉల్లిపొరలవలె పలకలుపలకలుగా విడినది. పగుళ్లవెంట నీరు లోనికి దిగి అంచులను తినివేసి మూలలను గుండ్రన చేసినది. కావున గుండ్లను ఎవరును పేర్చలేదు; చుట్టునున్నదంతయు కొట్టుకొనిపోగా అవి మిగిలినవి. వాననీరు జారిన దారులలో సూక్ష్మజీవులును, రాతిపాచియు పెరిగి, ఎండినపుడు నల్లని చారలగుచున్నవి. రాతిలోని ఇనుము తుప్పుపట్టి ఎఱ్ఱని మరకలగుచున్నది. ఈ శిలల మేనిపై కనబడునదంతయు చాలవరకు నీటి చేవ్రాలే.

ఇక చిత్రకారుని సామగ్రి చూతము. రంగుపొడి, జిగురు, నీరు, కాగితము: ఇంతకుమించి లేదు. పొడిని కాగితమునకు పట్టించు జిగురు ఆఫ్రికా దేశపు తుమ్మజాతి చెట్ల బంక. నల్లగొండ చేలగట్లపై పెరుగు నల్లతుమ్మకు ఆ చెట్లు దాయాదులు. పసుపుమన్ను, జేగురు, కాల్చిన సియెన్నా మొదలగు మట్టిరంగులన్నింటికిని వన్నె నిచ్చునది ఇనుము. చలకనేలను ఎఱ్ఱబరచినదియు ఆ ఇనుమే. అరుగులకు జాజు పూయు ఇల్లాలికిని, రంగుబిళ్లపై కుంచె రుద్దు విద్యార్థికిని చేతికంటునది ఒకే జాతి మన్ను.

కాగితము సంగతి మరింత ముఖ్యము. శుద్ధమైన నీటిరంగుల పద్ధతిలో తెల్లరంగు వాడరు. పెట్టెలో తెల్లబిళ్ల ఉన్నను దానిని ముట్టరు. రంగుపొర పలుచన, వెలుతురు దానిలోనుండి దూరి కాగితపు తెలుపును తాకి తిరిగివచ్చును. కావున ఎండ పడినచోట కాగితమును విడిచిపెట్టుటయే ఎండను వ్రాయుట. ప్రత్తిగుడ్డల గుజ్జుతో చేసిన గరుకు కాగితముపై కంటికి కనీకనబడని గుంటలుండును. బరువైన రంగుపొడి నీటిలో తేలివచ్చి, వాగులోని ఇసుకవలె, ఆ గుంటలలో దిగి నిలుచును. నీరు ఆరిన పిదప పొడి పలుకులుపలుకులుగా మిగులును. గ్రానైటు మేనితీరులో సగము పనిని కుంచెతో నిమిత్తము లేకుండ నీరును కాగితమును తామే చేసిపెట్టును. చదరపు మీటరునకు 300 గ్రాముల బరువుగల కాగితమైనచో తడికి అంతగా ముడుతపడదు. అంతకంటె పలుచనిదైనచో ముందు తడిపి, బల్లకు అంచులు అంటించి, ఆరనిచ్చి వాడవలెను.

నల్లని బండకు నల్లరంగు వాడవచ్చునా అని విద్యార్థులు అడుగుదురు. దీనికి నల్లగొండ పేరే జవాబు చెప్పును. ఆ ఊరికి పూర్వనామము నీలగిరి. నీలగిరి నల్లగొండ యైనట్లే, అల్ట్రామెరీను నీలమునకు కాల్చిన సియెన్నా అను ఎఱ్ఱమన్ను చేర్చినచో నీలము నల్లనగును. నీలము హెచ్చినచో చల్లని నీడ. మన్ను హెచ్చినచో ఎండకాగిన బండ. నీరు హెచ్చినచో బూడిదవన్నె. పైగా ఈ రెండు రంగులును కాగితముపై పూర్తిగా కలిసిపోవు. దగ్గరగా చూచినచో నీలపు పలుకులును, గోధుమవన్నె పలుకులును విడివిడిగా కనబడుచు గ్రానైటునే తలపించును. గొట్టములోని నల్లరంగు పూసినచోట ఈ ప్రాణముండదు; అచ్చట బండకు మారు రంధ్రము కనబడును.

కాగితమునకు మూడు అవస్థలు కలవు: తడి, చెమ్మ, పొడి. తడిపై పెట్టిన రంగు నలుదెసల ప్రాకి అంచులేక కరగిపోవును. చెమ్మపై పెట్టినది తన చోటు విడువక అంచును మాత్రము మెత్తబరచుకొనును. పొడిపై పెట్టినది గీతగీసినట్లు నిలుచును. గుండుపై వానచారికలకు తడి కావలెను. గుండ్రని మేను వెలుగునుండి నీడకు తిరుగుచోట చెమ్మ కావలెను. పగులునకు పొడి కావలెను. మరియొక ఉపాయము పొడికుంచె. కుంచెలోని నీటిని గుడ్డకు ఒత్తి, ప్రక్కవాటుగా గరుకు కాగితముపై తేలికగ లాగినచో రంగు గుట్టలకు మాత్రమే అంటి గుంటలను తెల్లగా విడుచును. ఎండలో మెఱయు రాతిపలుకులు అట్లు ప్రత్యక్షమగును.

ఒక గుండును వ్రాయు క్రమమిది. ఉదయమో సాయంకాలమో ఏటవాలు వెలుతురున కూర్చుండవలెను. నడినెత్తిన సూర్యుడున్నపుడు గరుకు కంటికి దాగును. కుంచె పట్టక మునుపు కొంతసేపు ఊరక చూడవలెను. పిదప ఎండపడు భాగమును విడిచి, మిగిలినదంతయు పలుచని పసుపుమన్నుతోను, లేత గులాబితోను కప్పవలెను. అది చెమ్మగా నున్నపుడే నీడవైపున నీలమిశ్రమమును దింపవలెను. బల్లను కొంచెము వాల్చి, పైయంచున చిక్కని రంగు పెట్టినచో అది తానే క్రిందికి జారును. కొండపై వాన ఏ దారిని జారినదో కాగితముపై రంగు ఆ దారినే జారును. దానిని బలవంతముగ నడపరాదు. అంతయు ఆరిన పిమ్మట పొడికుంచెతో పలుకులను, సన్నకుంచెతో పగుళ్లను చూపవలెను. పగులు గీత కాదు, లోతు. ఒక అంచున నీడయు, ఎదుటి అంచున సన్నని వెలుగును లేనిచో అది రాతిపై అంటిన వెండ్రుకవలె నుండును. గుండు అడుగుభాగమున నీడ వట్టి నలుపు కాదని గమనింపవలెను. ఎండ ఎఱ్ఱచలకపై పడి ఎగసి ఆ నీడలో కెంజాయ నింపును. ఆ కెంజాయను చూపినచో గుండు నేలపై కూర్చుండును. చూపనిచో గాలిలో తేలును.

ఎక్కడ ఆపవలెనో తెలియుట ఇందులో కఠినమైన పాఠము. గరుకు ఎక్కువగా కనబడునది వెలుగునీడల సరిహద్దుననే. మిక్కిలి వెలుగులో అది కరగును, మిక్కిలి నీడలో మునుగును. ఆ సరిహద్దున శ్రద్ధగా వ్రాసి తక్కినది విడిచినచో చూపరి కన్ను మిగిలినదానిని తానే పూరించుకొనును. అంతట సమముగా వ్రాసినచో గుండు ఉప్పుకాగితపు ముక్కవలె చదునగును.

ఈ సీమ వాతావరణమునుగూడ లెక్కింపవలెను. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో కాగితముపై తడి నిలువదు; రంగు ప్రాకకమునుపే అంచు గట్టిపడును. అట్టి దినములలో తెల్లవారినంతనే పని ముగించుటయో, కాగితమును రెండువైపుల తడిపి బల్లకు అంటించుటయో చేయవలెను. వానకాలమున దీనికి విపరీతము; ఒక పూత ఆరుటకు ఓపిక పట్టవలెను. చిత్రకారుడు ఋతువుతో సంధి చేసికొనక తప్పదు.

మేనితీరునకై కొన్ని చిట్కాలు బహుప్రచారములో నున్నవి. తడిరంగుపై ఉప్పు చల్లుట, క్రొవ్వొత్తి రుద్ది రంగు అంటకుండ చేయుట, బ్లేడుతో గీకి తెలుపు తెచ్చుట, పళ్లకుంచెతో తుంపరలు చిలుకుట మొదలగునవి. వీనిని నిందింప పనిలేదు. ఉప్పు తనచుట్టునున్న తడిరంగును పీల్చి చుక్కలవంటి గుర్తులు విడుచును; రాతిపాచి మచ్చలకు అది ఒకటిరెండు చోట్ల ఒప్పును. కాని "అన్నియు వేసి చూడు, నన్ను వేసి చూడు" అను ఉప్పు సామెత వంటయింటికి చెల్లునుగాని బొమ్మకు చెల్లదు. బొమ్మ అంతటను ఉప్పు చల్లినచో కనబడునది రాతి చరిత్ర కాదు, ఉప్పు చరిత్ర.

ఈ సాధనకు లోకమున గొప్ప వంశమున్నది. జర్మను చిత్రకారుడు ఆల్బ్రెక్టు డ్యూరరు 1503లో ఒక గడ్డిపెళ్లను, దాని ఆకులు, వేళ్లు, మన్నుతో సహా నీటిరంగులలో వ్రాసెను. దానిని నేటికిని వియన్నాలోని ఆల్బెర్టీనాలో భద్రపరచియున్నారు. మన దేశమున జహంగీరు పాదుషా ఆస్థానమునందలి ఉస్తాదు మన్సూరు పక్షుల ఈకలను, మృగముల రోమములను సన్నకుంచెతో నిజమనిపించెను. అతని పద్ధతిలో రంగులు చిక్కనివి, అపారదర్శకములు. ఐనను వానిని నడపినది నీరే.

రాతి విషయమున ముఖ్యముగా చెప్పదగినవాడు ఆంగ్లరచయిత జాన్ రస్కిను. అతడు 1853లో స్కాట్లండులోని గ్లెన్‌ఫిన్లాసు అనుచోట సెలయేటియొడ్డున నున్న ఒక నైసు శిల నెదుట కూర్చుండి, సిరాతోను నీటిరంగుతోను దానిని వ్రాసెను. ఆ చిత్రము ఆక్సుఫర్డులోని ఆష్మోలియను ప్రదర్శనశాలలో నున్నది. 1857లో ప్రకటించిన తన చిత్రలేఖన పాఠగ్రంథమున విద్యార్థికి అతడు చేసిన సూచనలలో ఒకటి, దారిలో దొరకిన గుండ్రని రాతిని తెచ్చి ఎదుట పెట్టుకొని వ్రాయుమనుట. రాతిని సరిగా వ్రాయనేర్చినవానికి తక్కినవియు వశమగునని అతని విశ్వాసము. తెలంగాణపు పొలములలో నైసు శిల కొఱకు వెదకనక్కరలేదు. నాగలి మోపినచో తగులును.

రస్కిను పేరు ఈ సీమకు పూర్తిగా క్రొత్తది కాదు. అతని మరియొక గ్రంథమును గాంధీజీ 1908లో గుజరాతీలో సంగ్రహించి "సర్వోదయ" అని పేరిడెను. ఆ సర్వోదయ భావమును వెంటగొని 1951 ఏప్రిల్ 18న వినోబాభావే నల్లగొండ జిల్లా పోచంపల్లికి రాగా, అచ్చట భూదానోద్యమము పుట్టినది. రాతిని శ్రద్ధగా చూడుమన్న మనిషియే కడపటి మనిషిని శ్రద్ధగా చూడుమనియు చెప్పెను. ఆ రెండు చూపులును ఒక్కటే కావచ్చును.

దీనికి ఎదురుమాటయు లేకపోలేదు. యథాతథముగ చూపుటకు ఛాయాచిత్రము చాలదా, కళకు ఊహ ముఖ్యము కాదా అని కొందరందురు. 1903 ప్రాంతమున జపాను చిత్రకారుల పరిచయముతో అవనీంద్రనాథ ఠాకూరు వృద్ధిచేసిన వాష్ పద్ధతిలో, బొమ్మను మరలమరల నీట తడుపుచు గరుకునంతను మంచువంటి మృదుత్వములో కరగించిరి. ఆ వంగరీతిని 1920లలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించెను. అడివి బాపిరాజు అచ్చట అతని శిష్యుడు. వరంగల్లు సీమలోని పెనుగొండలో 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో చదివి, శాంతినికేతనమున నందలాల్ బోసు కడ శిక్షణ పొంది, తిరిగివచ్చి హైదరాబాదు కళాశాలలో తరతరముల విద్యార్థులకు బోధించెను. ఈ మహనీయులలో ఎవరును ఉన్నదున్నట్లు చూపుటయే కళ అని తలపలేదు. వారి మార్గము సత్యము. కాని విడుచుటకు ముందు కలిగియుండవలెను. గరుకును ఎరిగినవాడు దానిని కరగించినచో అది నిగ్రహము. ఎరుగనివాడు కరగించినచో అది లోపము. ఛాయాచిత్రము తక్షణమే ముగియును. రాతియెదుట రెండు గంటలు కూర్చున్నవానికి మిగులునది బొమ్మ మాత్రమే కాదు, చూచుట నేర్చిన కన్నుగూడ.

రాతికడ నేర్చిన పాఠము ఇతర వస్తువులకును వర్తించును. పోచంపల్లి చీరపై బొమ్మలయంచులు కత్తిరించినట్లుండవు. నూలును ముందుగా కట్లుకట్టి అద్దకము చేసి పిదప నేయుటచే రంగు అంచున సన్నగా చెదరియుండును. ఆ చెదరుటకు చెమ్మకాగితము తగును. గద్వాల చీరలో మేను నూలు, అంచు పట్టు. నూలు వెలుతురును పీల్చి మెత్తగా చూపును. పట్టు దానిని తళుక్కున విసరును. ఒకే చీరలో రెండు మేనితీరులు చూపవలసివచ్చుటచే విద్యార్థికి అంతకంటె మంచి పరీక్ష లేదు. అలంపురమున 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయముల శిల గ్రానైటు కాదు, ఎఱ్ఱని ఇసుకరాయి. దాని రేణువులు సన్నన, అంచులు మెత్తన. గ్రానైటునకు పనికివచ్చిన పలుకుల పూత అచ్చట పనికిరాదు. మహబూబునగరు చెంతనున్న పిల్లలమఱ్ఱి మూడెకరములకు పైగా విస్తరించిన వృక్షము. చెదలు తొలిచి కొమ్మ విరుగగా, 2018లో ఆ చెట్టునకు సెలైను సీసాలవంటివి కట్టి బొట్టుబొట్టుగా మందెక్కించిరి. దాని ఊడలను వ్రాయువాడు ఆ తొఱ్ఱలను, ఆ గాయములను విడిచి ముడుతలను మాత్రము అందముగా చూపినచో అది ఏ మఱ్ఱియైనను కావచ్చును గాని పిల్లలమఱ్ఱి కాదు.

ఉపాధ్యాయులు ఆలోచింపదగిన సంగతి ఒకటి ఇచ్చట కలదు. పాఠశాలలలో పిల్లలు తరచుగా అచ్చుబొమ్మను చూచి బొమ్మ గీయుదురు: మంచుకొండలు, కొబ్బరిచెట్లు, నడుమ ఉదయించు సూర్యుడు. ఏ పిల్లవాని ఊరిలోను లేని ఆ కొండలు అందరి పుస్తకములలోను ఉండును. వాకిటనున్న గుండు మాత్రము ఏ పుస్తకములోను ఉండదు. దీనికి మారుగా ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క రాతిని తెమ్మనవచ్చును. దానికి కాసైన ఖర్చు లేదు. మొదటి గంటలో కుంచె ముట్టకుండ, ఆ రాతికి తగిన పది తెలుగు మాటలు వ్రాయింపవలెను: పగులు ఎక్కడ, పెచ్చు ఎక్కడ, చారిక ఏ వన్నె, అరుగుదల ఏ ప్రక్క. తెలియని మాటలు ఇంటికడ తాతనో అవ్వనో అడిగి తెచ్చినచో మరియు మంచిది. రెండవ గంటలో ఆ పది మాటలను నీటిరంగులలోనికి మార్పింపవలెను. ఖరీదైన కాగితము లేకున్నను బాధ లేదు. బడిలోని సామాన్యపు డ్రాయింగు కాగితముపైనను పొడికుంచె పద్ధతి చక్కగా నడచును. ఒకే పాఠమున భాషోపాధ్యాయుడును, చిత్రలేఖనోపాధ్యాయుడును, విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడును కలిసికొనుటకు ఇంతకంటె సులువైన తావు లేదు.

ఈ పని తొందరగా జరుగవలెననుటకు కారణమున్నది. ఈ గుట్టలు నానాటికి తరుగుచున్నవి. రోడ్లకు, ఇండ్లకు కంకర కావలెను. గచ్చులకు పలకలు కావలెను. దానిని ఎవరును కాదనజాలరు. ఐనను కోట్ల ఏండ్ల వానలు చెక్కిన గుండు యంత్రము నోటబడి పగలుటకు ఒక పూట చాలును. దానితోపాటు దోనె పోవును, పరుపుబండ పోవును. వస్తువు పోయిన కొన్నాళ్లకు పేరుగూడ పోవును. కొందరు మేలుకొనకపోలేదు. హైదరాబాదులో 1996లోనే శిలల రక్షణకై ఒక సంఘము వెలసినది. నారాయణపేట జిల్లాలో కృష్ణయొడ్డున ముడుమాలుకడ నున్న బృహచ్ఛిలాయుగపు నిలువురాళ్లు 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాకెక్కినవి. కాని ప్రతి గుట్టయు జాబితాకెక్కదు. జాబితా కెక్కని గుట్టను చూచువాడు ఆ ఊరి పిల్లవాడే.

బొమ్మ గుట్టను కాపాడునని చెప్పుట అతిశయోక్తి. బొమ్మ చేయునది అంతకంటె చిన్నపని: చూచినవానికి ఆ గుట్ట విలువ తెలియజేయును. డ్యూరరు వ్రాసిన గడ్డి ఆ ఏడే ఎండిపోయియుండును. నీటితో వ్రాసిన దాని రూపము 500 ఏండ్లు దాటి నిలిచినది. శిలాశాసనమే శాశ్వతమనియు, నీటివ్రాత క్షణికమనియు అనుకొనుటకు ఇక వీలులేదు. దేవరకొండ దారిలోనో, కోయిలకొండ వాకిటనో ఒక విద్యార్థి నేడు కూర్చుండి, తన ఊరి గుండును దాని పగుళ్లతో, చారికలతో, అడుగుననున్న కెంజాయతో వ్రాసినచో, రేపు ఆ గుండు ఉన్నను లేకున్నను, అది ఎట్లుండెనో చెప్పు సాక్ష్యమొకటి మిగులును.